రెండు నెలల కుక్కపిల్ల ఇంటికి వస్తోంది, ఇంకేం చూసుకోవాలి?

కొత్తకాపు:
అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం ఒక కుక్కపిల్లను దత్తత తెచ్చుకుంటున్నాం. రెండు నెలలు దాటాయి, ఒక టీకా వేశారట. పరుపు, గిన్నెలు, బొమ్మలు, బెల్టు అన్నీ కొనేశాం. ఇంట్లో నేను, మా ఆయన, ఎనిమిదేళ్ల బాబు, మా అత్తగారు. కుక్కను పెంచిన అనుభవం ఎవరికీ లేదు. మొదటి రోజే పార్కుకు తీసుకెళ్లి ఫ్రెండ్స్‌కు చూపించాలని మావాడి ప్లాన్. ఇల్లు పాడైపోతుందని అత్తగారి టెన్షన్. రాత్రి ఎక్కడ పడుకోబెట్టాలి? ఏడిస్తే దగ్గరికి వెళ్లొద్దని కొందరు అంటున్నారు, నిజమేనా?

పిల్లలకోడి:
బొమ్మలూ పరుపూ సరేనండీ, మనుషులు సిద్ధమయ్యారా? నేను దిక్కులేని కుక్కపిల్లల్ని కొన్నాళ్లు సాకి దత్తత ఇస్తుంటాను. తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లను ముందు అడిగేది ఇదే: రాత్రి లేచేదెవరు, పగలు కనిపెట్టుకుని ఉండేదెవరు? "అందరం చూసుకుంటాం" అన్నారంటే నాకు గుబులు. అందరూ అంటే చివరికి మిగిలేది ఒక్కరే, తరచుగా ఆ ఒక్కరూ మొదట్లో కుక్క వద్దన్నవాళ్లే. మీ అత్తగారిని ఇప్పుడే చర్చలోకి లాగండి.

సోఫా ఎక్కనివ్వాలా వద్దా అన్నది కూడా ముందే తేల్చుకోండి. మీరు దించుతూ, మీవారు ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకుంటూ ఉంటే దానికేం అర్థమవుతుంది?

ఇక రాత్రి సంగతి. నిన్నటిదాకా తోబుట్టువుల మధ్య వెచ్చగా పడుకున్న పిల్లను వేరే గదిలో పెట్టి తలుపేస్తే ఏడవక ఏం చేస్తుంది? మీ మంచం పక్కనే క్రేటులోనో (కుక్కలు పడుకునే బోనులాంటిది) అట్టపెట్టెలోనో పడుకోబెట్టండి. అది ఇప్పుడు పడుకుంటున్న గుడ్డ ఒకటి అడిగి తెచ్చుకుంటే, ఆ వాసనకు కాస్త కుదుటపడుతుంది. ఏడిస్తే చెయ్యి అందించండి, చెడిపోదు. ఈ వయసులో రెండు మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు కాబట్టి రాత్రి ఒకసారైనా లేవాల్సిందే. ఆ వేళ ఆటలొద్దు. పని కానిచ్చి మళ్లీ పడుకోబెట్టడమే.

పార్కు మాత్రం ఇప్పుడు వద్దు. ఒక్క టీకాతో పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీయగల వాంతులు, విరేచనాల జబ్బు) నుంచి పూర్తి రక్షణ రాదు. తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి కొన్నాళ్లు పిల్ల ఒంట్లో ఉండి, టీకాను సరిగా పనిచేయనివ్వదు. అది ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో పైకి చూసి చెప్పలేం. అందుకే కనీసం 16 వారాలు వచ్చేదాకా 2 నుంచి 4 వారాలకోసారి మళ్లీ వేస్తారు. పార్వో వైరస్సేమో మట్టిలో నెలల తరబడి బతికే రకం. వేరే కుక్కలు తిరిగే చోట కింద దించకండి.

అలాగని ఇంట్లోనే మూసిపెట్టకండి, అది ఇంకో తప్పు. సుమారు 3 నుంచి 14 వారాల వయసులో భయపడకుండా చూసినవి, విన్నవి పెద్దయ్యాక దానికి మామూలుగా అనిపిస్తాయి. చంకనేసుకుని తిప్పండి. గొడుగులు, టోపీలు, బైకుల చప్పుడు, చేతికర్రతో నడిచే పెద్దవాళ్లు, అన్నీ దూరం నుంచి చూడనివ్వండి. బాబు ఫ్రెండ్స్ ఒకరిద్దరుగా ఇంటికే రావచ్చు. నేలమీద కూర్చుంటే అదే వాళ్ల దగ్గరికి వస్తుంది. నిద్రపోతుంటే మాత్రం ఎవరూ ఎత్తుకోకూడదు. ఈ వయసులో రోజుకు 18 గంటలకు పైగా పడుకుంటాయి. నిద్ర చాలకపోతే కొరుకుడు ఎక్కువవుతుంది.

నిద్రలేనివాడు:
పైన అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఇల్లు పాడవడం గురించి నా వంతు. నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక, ఈ మూడుసార్లూ ఠంచనుగా బయట వేరే కుక్కలు తిరగని చోటికి తీసుకెళ్లండి. అక్కడ పని కాగానే అక్కడే మెచ్చుకోండి, లోపలికి వచ్చాక మెచ్చుకుంటే ఎందుకో దానికి తెలియదు. ఇంట్లో పోస్తే తిట్టొద్దు, ముక్కు అందులో రుద్దడం అసలే వద్దు. అలా చేస్తే మీకు కనబడకుండా మంచం కింద పోయడం మాత్రం నేర్చుకుంటుంది. తుడవడానికి అమ్మోనియా ఉన్నవి వాడకండి, ఆ వాసన మూత్రంలాగే ఉంటుంది, కుక్కపిల్ల మళ్లీ అక్కడికే వస్తుంది. మూత్రం వాసనను విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్ తెచ్చుకోండి.

ఒకసారి మోకాళ్ల మీద ఇల్లంతా పాకి చూడండి, అది కొరకగలిగే వైర్లన్నీ కనిపిస్తాయి.

కొత్తకాపు:
చాలా థాంక్సండీ. అత్తగారికి చదివి వినిపించాను. రాత్రి డ్యూటీ మా ఆయనదని ఆవిడే తీర్పు చెప్పేశారు! పాలు పోయొచ్చా అని అడుగుతున్నారు. జ్వరం వస్తే మన మాత్రలు వేయొచ్చా?

పిల్లలకోడి:
ఆవిడ ఉండగా మీకు దిగుల్లేదు! పాలు వద్దనండి, చాలా కుక్కపిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. ఇప్పుడు అక్కడ ఏం పెడుతున్నారో అదే రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టండి. మార్చాలంటే పాతదాంట్లో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం రోజుల్లో మార్చండి. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్, ఉల్లి, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) ఉన్న చూయింగ్ గమ్ దానికి అందకూడదు.

మన మాత్రలు వద్దే వద్దు. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ రెండూ కుక్కలకు ప్రమాదం. వాంతులు, రక్తంతో విరేచనాలు, తిండి మానేసి ముడుచుకుపోవడం, ఇందులో ఏది కనిపించినా రేపు చూద్దాం అనుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రాత్రిపూట తెరిచి ఉండే పశువైద్యశాల నంబరు ఆదివారానికి ముందే ఫోన్లో పెట్టుకోండి. టీకా కాగితం ఇచ్చేటప్పుడు నట్టల మందు (కడుపులో పురుగులకు వేసేది) ఎప్పుడు వేశారో కూడా దానిమీదే రాయించుకోండి, చాలామంది అది అడగరు.