అమ్మ మొక్కుబడే నా పిలుపా? ఉద్యోగం మానేసి సేవకు వెళ్లాలా? సలహా కావాలి

ప్రశ్న (ఏలూరు దగ్గర నుంచి):
అందరికీ వందనాలు. నాకు 28 ఏళ్లు. ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం. పెళ్లయింది, ఒక పాప. నాకన్నా ముందు అమ్మకు గర్భం నిలవలేదు. బైబిల్లో సమూయేలు తల్లి హన్నాలాగే "బిడ్డ బతికితే నీ సేవకిస్తాను ప్రభువా" అని మొక్కుకుందట. అందుకే చుట్టాలంతా చిన్నప్పటి నుంచీ నన్ను 'బుల్లి పాస్టర్' అనే పిలుస్తారు. మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. సండే స్కూల్ నడుపుతాను, యూత్ మీటింగుల్లో వాక్యం చెప్తాను. మొన్న ఉజ్జీవ కూటాల్లో ఒక ప్రసంగీకుడు నా తలమీద చెయ్యి పెట్టి "ఈ ఏడాదే వలలు వదిలెయ్" అన్నాడు, అంటే పేతురు చేపల వలలు వదిలి యేసు వెంట వెళ్లినట్టు ఉద్యోగం మానెయ్యమని. అప్పటి నుంచి అమ్మ రాజీనామా చెయ్యమంటోంది. నా భార్య ఏమీ అనదు, రాత్రుళ్లు ఏడుస్తోంది. ఇంటి లోను ఈఎంఐ నడుస్తోంది. సేవంటే నాకూ ఇష్టమే. కానీ ఇది దేవుడి పిలుపో, అమ్మ మొక్కో, పొగిడించుకోవాలన్న నా ఆశో తేలక టెన్షన్‌గా ఉంది. ఎలా తెలుసుకోవాలి?

జవాబు (రిటైరైన సీఎస్ఐ పాస్టర్):
బాబూ, ముందు రాజీనామా మాట పక్కన పెట్టు. మీ అమ్మగారు హన్నా పేరు ఎత్తారు కాబట్టి ఆ కథే పూర్తిగా చదువు. హన్నా మొక్కుబడి 1 సమూయేలు మొదటి అధ్యాయంలో ఉంది. సమూయేలుకు పిలుపు వచ్చింది మూడో అధ్యాయంలో. ఆ మధ్య కాలమంతా పిల్లవాడు యాజకుడైన ఏలీ దగ్గర మందిరం పనులు చేస్తూ పెరిగాడు. మొక్కు అతన్ని గుడి దాకా తెచ్చింది, అంతే. పిలిచినప్పుడు దేవుడు అతన్నే పేరు పెట్టి పిలిచాడు. అప్పుడు కూడా ఏలీ అనుకుని మూడుసార్లు పరిగెత్తాడు. పిలిచింది దేవుడని గుర్తుపట్టింది కూడా ముసలి ఏలీయే. నీకూ అలా పక్కనుండి నిన్ను ఎరిగిన ఒక పెద్దమనిషి కావాలి. కూటాలకు వచ్చి మర్నాడు బస్సెక్కి వెళ్లిపోయినాయన ఆ పని చెయ్యలేడు.

ఇప్పుడు అసలు సంగతి. నీకు ఇష్టమైనది ప్రసంగమా, కాపరి పనా? ప్రసంగం ఆదివారం ఒక గంట. మిగతా వారమంతా వేరే పని. అర్ధరాత్రి ఆసుపత్రికి పోవాలి, సమాధుల స్థలం దగ్గర తగువులు తీర్చాలి, పాస్టరేట్ కమిటీలో లెక్కలు చెప్పాలి, బండి మీద చుట్టుపక్కల ఊళ్లు తిరగాలి. తాగి వచ్చిన భర్తకు, ఏడ్చే భార్యకు మధ్య కూర్చోవాలి. మీ అయ్యగారిని (సంఘ పాస్టర్‌ను) అడిగి ఒక ఏడాది సెలవు రోజుల్లో ఆయన వెంట తిరుగు. మైకు పట్టుకోకు. చావు ఇళ్లకు వెళ్లు, ఎవరూ పలకరించని మనిషి దగ్గర కూర్చో. ఏడాది తర్వాత కూడా ఈ పనే కావాలనిపిస్తే అప్పుడు మాట్లాడదాం.

1 తిమోతి 3 కూడా చూడు. అక్కడున్న జాబితాలో నేర్పు అనదగ్గది బోధించగలగడం ఒక్కటే. మిగతాదంతా మనిషి గుణం, ఇల్లు, ఊళ్లో పేరు.

ఇంకోటి. మన సీఎస్ఐలో ఉద్యోగం మానేసినంత మాత్రాన పాస్టర్ అయిపోరు. సంఘం సిఫారసు చెయ్యాలి, డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం) ఇంటర్వ్యూ చేసి అభ్యర్థిగా తీసుకోవాలి, ఆ తర్వాతే వేదాంత కళాశాల. మన వైపు వాళ్లు ఎక్కువగా హైదరాబాదులోని ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీకి వెళ్తారు. దాన్ని 1964లో కొన్ని సంఘాలు కలిసి రాజమండ్రిలో మొదలుపెట్టాయి, తర్వాత హైదరాబాదుకు మారింది. సెరంపూర్ బి.డి. (పాస్టర్లు చదివే వేదాంత కోర్సు), మామూలు డిగ్రీ ఉన్నవాళ్లకు 4 ఏళ్లు. వయసు పరిమితి ఎంతో, పెళ్లయినవాళ్లకు క్వార్టర్స్ ఇస్తారో లేదో ముందే కనుక్కో. ఆ నాలుగేళ్లూ ఈఎంఐ ఎవరు కడతారో కాగితం మీద రాసుకో. అది అవిశ్వాసమేమీ కాదు.

జవాబు (స్వతంత్ర సంఘం పాస్టర్, ఖమ్మం):
అయ్యగారి మాట కొంత ఒప్పుకుంటాను, కొంత ఒప్పుకోను. పేతురు వల వదిలేటప్పుడు ఏ కమిటీని అడిగాడు? సిఫారసుల్లో వర్గాలు, కులాలు, ఎలక్షన్లు ఉంటాయని అందరికీ తెలుసు. బ్రదర్, ఉద్యోగం చేసుకుంటూనే సేవ మొదలుపెట్టండి. పౌలు కొరింథులో డేరాలు కుట్టుకుంటూనే వాక్యం చెప్పాడు.

మళ్లీ రిటైరైన పాస్టర్:
వర్గాల సంగతి నిజమే, కాదనను. అందుకే ఓటు లేని వాళ్లని అడగమంటాను: సండే స్కూల్ పిల్లల తల్లులు, మంచం పట్టిన ముసలమ్మలు. అయితే పేతురు వల వదిలింది మొదటి పరిచయంలో కాదు. యోహాను 1లో అతని సోదరుడు అంద్రెయ అతన్ని యేసు దగ్గరికి ముందే తీసుకొచ్చాడు. పౌలుకు దమస్కు దారిలో వెలుగు కనిపించింది అపొస్తలుల కార్యములు 9లో. అంతియొకయ సంఘం ఉపవాసం ఉండి చేతులుంచి పంపింది 13లో. మధ్యలో చాలా ఏళ్లు గడిచాయి. డేరాల మాట మాత్రం బాగుంది, అతనికి ఇప్పుడు సరిపోయే సలహా అదే.

జవాబు (పాస్టర్ గారి భార్య, కర్నూలు జిల్లా):
తమ్ముడూ, అందరూ నీ పిలుపు గురించే మాట్లాడుతున్నారు. ఆ అమ్మాయి ఎందుకు ఏడుస్తోందో అడిగావా? కొన్నేళ్లకోసారి ట్రాన్స్‌ఫర్, పాపకు ప్రతిసారీ కొత్త స్కూలు. పాస్టర్ బంగళాలో తలుపు మనదైనా గొళ్లెం సంఘానిది. అమ్మగారూ అని పిలిచి స్త్రీల మైత్రి (సంఘంలో ఆడవాళ్ల బృందం) పని మొత్తం అప్పజెప్తారు. దానికి జీతం ఇచ్చిన సంఘాన్ని ఇంతవరకూ చూడలేదు. నాకు ఈ జీవితం ఇష్టమే, కానీ నన్ను ముందే అడిగారు కాబట్టి ఇష్టం. ఆమెను ఒకసారి మీ అయ్యగారి ఇంట్లో అమ్మగారితో ఒంటరిగా మాట్లాడనియ్యి. నువ్వు ఆ గదిలో ఉండొద్దు.

ఒక చెల్లెలు:
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. ఆడపిల్లలకు పాస్టర్ అయ్యే అవకాశం ఉందా?

పాస్టర్ గారి భార్య:
సీఎస్ఐలో ఉందమ్మా. 1976 నుంచే స్త్రీలకు ఆర్డినేషన్ (పాస్టర్‌గా అభిషేకం) ఇస్తున్నారు. మా నంద్యాల డయాసిస్‌కు 2013లో పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. మిగతా సంఘాల్లో ఒక్కోచోట ఒక్కో పద్ధతి, మీ వాళ్లను అడుగు.

అడిగిన వ్యక్తి:
అందరికీ వందనాలు. రాజీనామా ఇవ్వడం లేదు. మా ఆవిడతో రాత్రి మాట్లాడాను. తనకు సేవ వద్దని కాదట, అమ్మ, నేను కలిసి నిర్ణయించేసి తనకు చెప్తామన్న భయమట. అమ్మకు ఎలా చెప్పాలో ఇంకా తెలియడం లేదు. మొక్కు తీర్చకపోతే కీడు అంటోంది. ఆ ప్రసంగీకుడు కూడా ఫోన్ చేస్తున్నాడు.

రిటైరైన పాస్టర్:
అమ్మతో ఇలా అను: "నువ్వు ఇచ్చేశావమ్మా, నీ మొక్కు చెల్లింది. పల్పిట్‌లోనా బ్యాంకులోనా అన్నది ఆయన్ని చెప్పనియ్యి." వినకపోతే మీ అయ్యగారినే ఇంటికి తీసుకెళ్లు, ఆయన చెప్తే వింటుంది. ప్రసంగీకుడికి వాదన అక్కర్లేదు. "మా సంఘ కాపరితో మాట్లాడుతున్నానండీ" అని చెప్పి పెట్టెయ్.