‘కల్లంతై’ అంటే కల్లమంత అయ్యాడనేనా? యోడా వల్ల గుర్తొచ్చిన పద్యం

పుత్తూరు అక్క:
అందరికీ నమస్కారం. మూడు రోజులుగా ఒక ముక్క నోట్లో తిరుగుతోంది, ముందూ వెనకా రావడం లేదు.

ఆదివారం మా చిన్నోడూ మా అక్క కొడుకూ స్టార్ వార్స్ చూస్తూ యోడా దగ్గర వాదనకు దిగారు. 66 సెంటీమీటర్ల మనిషి బురదలో మునిగిన విమానాన్ని ఎట్ల లేపుతాడని మా వాడు. అది ఆ జాతి లక్షణమని అక్క కొడుకు. అసలు ఆ జాతికి సినిమాల్లో పేరే పెట్టలేదు, లక్షణాలు నీకెట్ల తెలుసని మళ్ళీ మా వాడు. నేను మధ్యలో దూరి, మనకూ ఒక వటుడున్నాడు, పొట్టిగా వచ్చి లోకాలన్నీ నిండిపోయాడని పోతన భాగవతంలోని వామనుడి పద్యం ‘ఇంతింతై’ ఎత్తుకున్నాను. ‘కల్లంతై’ దగ్గర ఆగిపోయాను. మా తాత కల్లంలో వడ్లు తూర్పారబడుతూ పాడేవాడు. వామనుడు మా కల్లమంత అయ్యాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ పాదం ఎవరైనా చెప్పండి. కల్లం సంగతి కూడా.

చంద్రగిరి:
‘ఇంతింతై వటుడింతయై మఱియు దానింతై నభోవీథిపై
నంతై తోయదమండలాగ్రమున కల్లంతై ప్రభారాశిపై
నంతై చంద్రునికంతయై ధ్రువునిపై నంతై...’
కల్లం లేదమ్మా. తోయదమండలాగ్రమునకు, అంటే మబ్బుల పైకొసకు, అల్లంతై. అంతే.
ఇంకొకటి. వటుడంటే పొట్టివాడు కాదు, ఒడుగు, అంటే ఉపనయనం, అయిన బ్రహ్మచారి. పొట్టి అర్థం వామనుడిలో ఉంది, వటుడిలో లేదు. తొమ్మిది వందల ఏళ్ళ గురువు యోడాను వటుడంటే ఎట్ల? ఆ జాతిలోనే గ్రోగూ ఉన్నాడు, యాభై ఏళ్ళొచ్చినా ఇంకా పసివాడు. చదువు నేర్చుకునే వయసు వాడిది. వటుడనాలంటే వాణ్ణి అనాలి.

పలమనేరు:
సార్, కల్లాన్ని అంత తొందరగా తీసేయకండి. కల్లం గుండ్రంగా ఉంటుంది. ముందున్న మాట మండలం, అదీ గుండ్రమే. పోతన స్వయంగా నాగలి పట్టినవాడని చెప్పుకుంటాం. మండలం పక్కన కల్లం వినిపించేలా కావాలనే కూర్చాడని నా నమ్మకం. చెవికి కల్లం, అర్థానికి అల్లంత. రెండూ ఉండకూడదా?

చంద్రగిరి:
చెవికి ఏం వినిపించినా వద్దనను. యతి మాత్రం ఒప్పుకోదు. యతి అంటే పాదం మొదటి అక్షరానికీ మధ్యలో ఒక అక్షరానికీ కుదరాల్సిన మైత్రి. ఈ పద్యం శార్దూలం, అందులో యతి పదమూడో అక్షరం. రెండో పాదం లెక్కపెట్టండి: నం, తై, తో, య, ద, మం, డ, లా, గ్ర, ము, న, కల్, లం. పదమూడోది ‘ల్లం’. మొదటి అక్షరం ‘నం’, అది ‘పైన అంతై’లోని అకారం. ‘ల్లం’లో ‘అల్ల అంతై’ అనే అకారం ఉంటేనే ఆ రెంటికీ మైత్రి. కల్లం అని విడదీస్తే అక్కడ అకారం దొరకదు, యతి చెడుతుంది. మొదటి పాదంలోనూ ఇదే పద్ధతి: ‘ఇం’కి ‘దాను ఇంతై’లోని ఇకారం. పోతన పద్యంలో సందేహం వస్తే నేను ముందు యతిని అడుగుతాను, తరవాతే నిఘంటువు.

శ్రీకాళహస్తి:
యతి సరే. ‘అల్ల’ అంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు. నా చిన్నప్పటి నుంచీ నేను ‘అల్లన’గానే వింటున్నాను, అంటే మెల్లగా. వామనుడు ఒక్క ఊపున పెరగలేదు, మెల్లమెల్లగా పెరిగాడు. ‘ఇంతింతై’ అన్న మొదటి మాటే మెట్లు మెట్లుగా పెరగడం. కాబట్టి మబ్బుల దాకా మెల్లగా అంత అయ్యాడని.

చంద్రగిరి:
మెల్లగా అనాలంటే ‘అల్లన’లోని ‘న’ ఉండాలి. ఇక్కడ ఆ ‘న’ లేదు.

కుప్పం:
దీనికి మా ఊరు రావాలి. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, మా అత్తగారి వైపు కన్నడం. కన్నడంలో ‘అల్లి’ అంటే అక్కడ, ‘ఇల్లి’ అంటే ఇక్కడ. మన ‘అల్ల’ దాని తోబుట్టువే అయ్యుండాలి. దూరాన వేలు చూపే మాట. ‘అల్లంత దూరాన’ అని ఇప్పటికీ అంటాం కదా. తమాషా ఏమంటే అదే కన్నడంలో ‘అల్ల’ అంటే కాదు అని. మా అత్తగారు మొదటిసారి ‘అదివో అల్లదివో’ విని, అదిగో, కాదు, అదిగో అని పాడుతున్నారా అని అడిగింది. నాకు ఆ అర్థమూ బాగుందనిపించింది. కొండ చూపిస్తూ తడబడినట్టు ఉంటుంది.

యోడా దగ్గరికి వస్తే, ఆయన ఇంగ్లీషు కర్మను ముందు పెట్టి కర్తను తరవాత పెడుతుంది, అందుకే వింత. తెలుగులో ఆ వింత రాదు. ‘బడికి వెళ్ళాను నేను’ అన్నా ‘వెళ్ళాను నేను బడికి’ అన్నా మనకు పాటలాగా ఉంటుంది, అంతే. విభక్తి మాటకు అతుక్కుని ఉంటుంది కాబట్టి ఎక్కడ పెట్టినా అర్థం జారిపోదు. యోడాను తెలుగులో వింతగా మాట్లాడించాలంటే విభక్తినే విడగొట్టాలి, ‘కి బడి’ అని. అప్పుడు నిజంగా వేరే గ్రహం నుంచి వచ్చినట్టే ఉంటుంది. స్టార్ ట్రెక్‌లో క్లింగాన్ల భాషను మార్క్ ఓక్రాండ్ కట్టినప్పుడు కర్మ, క్రియ, కర్త అనే వరస కావాలనే ఎంచుకున్నాడు, మనుషుల భాషల్లో అది చాలా అరుదని. మనం ఆ వరసలో కూడా రోజూ మాట్లాడుతున్నాం: ‘అన్నం తిన్నాడు వాడు.’

తిరుపతి:
కుప్పం అక్క అసలు చోటికి తెచ్చింది. ‘అదివో అల్లదివో శ్రీహరి వాసము.’ చూపించే మాట ముందు, చూపించే వస్తువు చివర. అన్నమయ్య మెట్టెక్కుతూ చూస్తున్నాడు, పేరు చెప్పే తీరిక లేదు, వేలే ముందు లేచింది. మా మేడ మీంచి రాత్రి గాలిగోపురం దీపాలు కనిపిస్తాయి. ఇంటికి ఎవరు వచ్చినా మేం ‘అదో, అల్లదో, గాలిగోపురం’ అనే అంటాం. ‘గాలిగోపురం అదిగో’ అని ఎవరూ అనరు. ‘అదివో’ కన్నా ‘అల్లదివో’ ఒక మెట్టు దూరం. ఒకే పాదంలో దగ్గరా దూరమూ రెండూ పట్టాడాయన. ‘పదివేల శేషుల పడగల మయము’ అన్నాక కదా కొండ వరసలు కంటికి ఆనుతాయి. ఆయన పాటలు రాగిరేకుల మీద ఉండి మనదాకా వచ్చాయని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

అన్నమయ్యదీ పోతనదీ పదిహేనో శతాబ్దమే. ‘అల్ల’ ఇద్దరికీ ఒకే ‘అల్ల’. నా మాట ఇదీ: పోతన నభోవీథికి అంత అన్నాడు, మబ్బులకు అల్లంత అన్నాడు, సూర్యచంద్రులకూ ధ్రువుడికీ మళ్ళీ ఉట్టి అంతై. దూరం పెరిగేకొద్దీ ‘అల్ల’ పెరగాలి కదా, ఎందుకు తగ్గింది? వేలు పెట్టి చూపగలిగిన చివరి ఎత్తు మబ్బే కాబట్టి. శేషాచలం మీద మబ్బు దిగినప్పుడు చూడండి, ‘అల్లంత’ అంటే తెలుస్తుంది.

శ్రీకాళహస్తి:
అందంగా చెప్పారు, కానీ నేను ఒప్పుకోను. చంద్రుడికీ వేలు చూపిస్తాం కదా. పసిపిల్లలకు గోరుముద్దలు పెడుతూ చూపించేది చంద్రుణ్ణే.

పలమనేరు:
గణం కోసం, అంటే గురులఘువుల లెక్క కోసం, పడిన ‘అల్ల’ అని ఎవరూ అనరేం? ‘మునకల్’ రెండు లఘువులు, ఒక గురువు. అక్కడ గురువు కావాలి, ‘అల్ల’ వచ్చింది. మాట మంచిదే, దానికి ఇంత తత్త్వం అక్కర్లేదు.

తిరుపతి:
పోతన దగ్గర గణం కోసం పడిన మాట అంటే నాకు కష్టంగా ఉంటుంది. ‘అంతై’ అని అన్నిసార్లు తిప్పి కూడా విసుగు పుట్టించని కవి. ఒంటిమిట్ట కోదండరాముడి గుడిలో నిలబడి ఈ పద్యం ఒకసారి చదువుకోండి.

చంద్రగిరి:
పోతన ఊరని చెప్పే ఏకశిలానగరం ఒంటిమిట్టేనని మొదలుపెట్టకండి. అది ఓరుగల్లు. పోతన ఇంటిపేరున్న బమ్మెర ఆ వైపే ఉంది.

తిరుపతి:
ఒక రాయి ఉన్న ఊరు ఏకశిల. ఒంటిమిట్ట పేరులోనే ‘ఒంటి’ ఉంది. మా కడప చుట్టాల ముందు ఓరుగల్లు అనండి, భోజనం పెట్టకుండా పంపిస్తారు.

కుప్పం:
ఇది వేరేగా మాట్లాడుకుందాం. నాకు అల్ల తేలాలి. తమిళంలోనూ ‘అల్ల’ కాదనే అర్థంలోనే ఉంది. తెలుగులో మాత్రం కాదనే ‘అల్ల’ నిలవలేదు, దూరాన్ని చూపే ‘అల్ల’ నిలిచింది. ఎందుకు? రెండు ‘అల్ల’లు ఒకే నోట్లో ఇమడవనా?

పుత్తూరు అక్క:
చంద్రగిరి సార్ యతి లెక్క నోట్‌బుక్‌లో రాసుకుని మా వాడితో వేళ్ళ మీద పదమూడు దాకా లెక్కపెట్టించాను. కల్లం పోయింది, కొంచెం బాధగానే ఉంది. మా తాత మాత్రం కల్లం దగ్గరే గొంతు పెంచేవాడు, అది నాకు బాగా గుర్తు.

పద్యం మొత్తం చదివాక మా అక్క కొడుకు ఇంకో ప్రశ్న వేశాడు. ప్రభారాశి అంటే సూర్యుడైతే, ‘ప్రభారాశిపై నంతై, చంద్రునికంతయై’ అనడంలో చంద్రుడు సూర్యుడి కన్నా పైన ఎట్ల ఉన్నాడు? యోడా విమానం వదిలేసి ఇప్పుడు దీని మీద పడ్డాడు. ఏం చెప్పమంటారు?

చంద్రగిరి:
భాగవతం అయిదో స్కంధం తీయమనండి. సూర్యుడి మీద లక్ష యోజనాల ఎత్తున చంద్రుడు ఉంటాడని అక్కడే ఉంది. పోతన ఆ వరసే పట్టాడు.

శ్రీకాళహస్తి:
ప్రభారాశి సూర్యుడేనని ఎవరన్నారు? రాశి అంటే కుప్ప. వెలుగుల కుప్ప అంతా కలిపి కావచ్చు కదా.

పలమనేరు:
కుప్ప అన్నారు. కుప్ప పోసేది కల్లంలోనే.