యోగక్షేమంలో రెండు మాటలు, మన "కాపు"లో కూడా రెండు

గ్రూపులో అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఎల్ఐసీ గుర్తు కింద "యోగక్షేమం వహామ్యహం" అని ఉంటుంది కదా, భగవద్గీత తొమ్మిదో అధ్యాయం 22వ శ్లోకంలో ముక్క అది. ఇన్నాళ్ళూ నేను ఒకటే మాట అనుకున్నాను, ఉత్తరాల్లో "మీ యోగక్షేమాలు తెలుపగలరు" అని ఒక్క గుక్కలో రాసేసేవాళ్ళం కాబట్టి. శంకర భాష్యం ప్రకారం యోగం అంటే లేనిది సమకూర్చడం, క్షేమం అంటే ఉన్నదాన్ని కాపాడడం.

ఇదంతా ఎందుకు తవ్వానంటే ఇంట్లో పాలసీ గురించి వాదన నడుస్తోంది. నాకు 34, ఇద్దరు పిల్లలు చిన్నోళ్ళు, ఇంటి లోను ఇంకా 16 ఏళ్ళుంది. టర్మ్ పాలసీ, అంటే ఇన్నేళ్ళని గడువు పెట్టుకుని ఆలోపు పోతేనే ఇంట్లోవాళ్ళకి డబ్బొచ్చేది, తీసుకుంటానంటే అమ్మ "సచ్చిపోతేనే డబ్బులా, బతికుంటే ఏటీ రాదా, మరి కట్టిందంతా ఏటైపోద్ది?" అంది. మావయ్యేమో హోల్ లైఫ్, అంటే జీవితాంతం ఉండే పాలసీ, తీసుకో, ఎప్పుడు పోయినా డబ్బు ఖాయం అంటాడు. ఆ మాట నిజమే, కానీ ఎప్పటికైనా ఇవ్వాల్సిందే కాబట్టే దాని ప్రీమియం అంత ఎక్కువ. టర్మ్‌లో గడువు దాటి బతికేవాళ్ళే ఎక్కువమంది, అందుకే అదే డబ్బుకి చాలా పెద్ద మొత్తానికి కవర్ వస్తుంది. నేను రేపే పోతే లోనూ పిల్లల చదువులూ గట్టెక్కాలంటే నాకు ఆ పెద్ద మొత్తమే కావాలి.

అమ్మకి మన "కాపు" మాటతో చెప్పాను. 2018లో తిత్లీ తుపానుకి మావైపు కొబ్బరి తోటలు పడిపోయాయి, మళ్ళీ మొక్కలేశాం. తోటకి కాపు కాస్తాం, చెట్టు కాపుకొస్తుంది. రెండింటి పుట్టుక ఒకటేనని నేను అనట్లేదు, మాట మాత్రం ఒకటే. టర్మ్ మనల్ని కాస్తుంది గానీ కాయలు కాయదు, అమ్మా, కాపలావోడికిచ్చిన కూలి కాయలుగా తిరిగి రావాలని ఎవరైనా అడుగుతారా అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

కామెంట్, విజయనగరం నుంచి ఒక మాస్టారు: బాగుంది బాబూ. ముందు ఒక చిన్న సంగతి, బీమాకి ఒత్తు లేదు, చాలామంది భీమా అని రాస్తున్నారు, అది భీముడి పేరు అనుకునో ఏమో, మాట మనకి ఉర్దూ హిందీల మీదుగా వచ్చింది. అసలు విషయం ఏంటంటే, మా మేనకోడలు పుట్టినప్పటి నుంచి సొంతంగా నిలబడలేదు, ఆ పిల్లకి ఏ వయసొచ్చినా ఎవరో ఒకరు చూడాల్సిందే. మా బావ అందుకే జీవితాంతం ఉండే పాలసీ తీసుకున్నాడు. ఆ తోటకి కాపలా ఫలానా ఏడుతో అయిపోదు కదా.

నా జవాబు: మీరు చెప్పింది నిజం మాస్టారూ, నేను నా ఇంటి లెక్కే చూశాను. వయసుని బట్టి కాదు, మన మీద ఆధారపడ్డవాళ్ళు ఎన్నాళ్ళు ఆధారపడతారో దాన్ని బట్టి చూడాలన్నమాట. మా పిల్లలు చేతికందొస్తారు, లోను తీరిపోద్ది, కాబట్టి 60 దాకా టర్మే తీసుకుంటున్నాను. అమ్మ కూడా సరేనంది, "నువ్వు దాటేస్తే అదే సాలు నాకు" అని. మీ వైపు కాపలా కూలికి వేరే పేరేమైనా ఉంటే చెప్పండి, రాసుకుంటాను.