రోడ్డు వెడల్పుకు అభ్యంతరం రాసిస్తే ఫలితం ఉంటదా, ఊకె సంతకాల కోసమేనా?

పోచమ్మమైదాన్ వాసి:
వరంగల్, హనుమకొండల ఏ రోడ్డు వెడల్పు చేసినా వరుస ఒక్కతీరే. ముందుగాల కొలతలు, తర్వాత గోడల మీద ఎర్ర గీతలు, ఆఖరికి కమ్యూనిటీ హాల్ల మీటింగ్ పెట్టి "మీ సలహాలు చెప్పండి" అంటరు. అప్పటికే ఎన్ని అడుగులో ఖరారైతది, ఎస్టిమేట్ తయారైతది. ఇంక మనం చెప్పేదేంది? అసొంటి మీటింగులకు పోకపోవుడే మేలంటున్న. పోతే హాజరు పట్టీల సంతకం పడ్తది, "ప్రజలను సంప్రదించినం" అని ఫైలుకెక్కుతది. 2022ల ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ 27 ఊర్లల్ల 21,510 ఎకరాల ల్యాండ్ పూలింగ్ (రైతుల భూములు తీస్కొని ప్లాట్లు చేసి, కొంత వాటా తిరిగిచ్చుడు) ఆగింది దరఖాస్తులతోనా, రోడ్డెక్కిన రైతులతోనా?

టీపన్-నక్ష:
మీటింగ్ గురించి మీరన్నది కాదనను. కానీ ఆ మీటింగూ, చట్టం చెప్పే అభ్యంతరమూ ఒకటి కాదు. కమ్యూనిటీ హాల్లో ఎంత గట్టిగా అరిచినా అది ఎక్కడా లెక్కలోకి రాదు. లెక్కలోకి వచ్చే గడువేమో చప్పుడు లేకుండా దాటిపోతుంది.

ముందు ఏ చట్టం కింద తీసుకుంటున్నారో తేల్చుకోండి. 2013 భూసేకరణ చట్టమైతే సెక్షన్ 11 నోటిఫికేషన్ (భూమి తీసుకుంటామనే తొలి ప్రకటన) వచ్చాక 60 రోజులు, సెక్షన్ 15 కింద కలెక్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. 163, 563 లాంటి జాతీయ రహదారి అయితే 1956 చట్టం, అందులోని సెక్షన్ 3ఏ ప్రకటన గెజిట్‌లో వచ్చినప్పటి నుంచి 21 రోజులే. పేపర్లో ప్రకటన చూసిన రోజు నుంచి లెక్కేసుకుంటే మోసపోతారు, గెజిట్ తేదీ చూసుకోండి. మాస్టర్ ప్లాన్‌లోనే రోడ్డు వెడల్పు మారుస్తుంటే 'కుడా' (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) ప్రకటనలో ఇచ్చిన గడువు, మామూలుగా 15 రోజులు. ఈ మూడూ కాకుండా "మీరే ఇష్టపడి ఇస్తున్నారు" అని కాగితం తెస్తే మాత్రం జాగ్రత్త. ఒప్పందం మీద సంతకం పడ్డాక అభ్యంతరం అనే మాటే ఉండదు.

పోచమ్మమైదాన్ వాసి:
మరి 2013 చట్టంల తెలంగాణ చేర్చిన సెక్షన్ 10ఏ సంగతి చెప్పరేంది అన్నా? అసలు చట్టంల సామాజిక ప్రభావ అంచనా ఉండె, దాని మీద బహిరంగ విచారణ ఉండె. "ఈ రోడ్డుకు ఇంత వెడల్పు అవసరమా" అని అడిగే జాగ గదే. తెలంగాణ సవరణతోటి మౌలిక వసతుల ప్రాజెక్టులకు దాన్ని మినహాయించే అధికారం సర్కారు చేతికొచ్చింది. ముఖ్యమైన ప్రశ్న అడిగే తలుపు మూసి, ఎన్ని గజాలు పోతయో మాట్లాడుకునే కిటికీ తెరిస్తే, జనం నమ్ముతలేరంటే తప్పెవరిది?

క్రాస్ సెక్షన్:
నమ్మకం పోవడానికి కారణం ఉంది, సరే. అయితే వచ్చే అభ్యంతరాల సంగతి కూడా చూడాలి. ఎక్కువ భాగం "మా పక్క వద్దు, ఎదురు పక్క తీసుకోండి" అనే. దానికి ఒక్క లైనులో జవాబు రాసి పక్కన పెట్టేస్తారు. జవాబు చెప్పక తప్పనివి వేరే ఉన్నాయి.

అన్నిటికంటే ముఖ్యం సెంటర్ లైన్. ఉన్న తారు మధ్య నుంచి కొలిచారా, రికార్డులో ఉన్న రోడ్డు మధ్య నుంచా? ఒక పక్క ఎప్పుడో ఆక్రమించి కట్టుకుని ఉంటే తారు రెండో పక్కకు జరిగి ఉంటుంది. తారు మధ్య నుంచి కొలిస్తే ఆక్రమించినవాడు మిగిలిపోయి, పద్ధతిగా కట్టుకున్నవాడి గోడ పోతుంది. టీపన్ (సర్వే నంబరు కొలతల పత్రం), నక్ష (ఊరి భూముల పటం) నకళ్లు జతచేసి జాయింట్ సర్వే అడగండి, పంచనామాలో రెండు పక్కల కొలతలూ రాయించండి.

తర్వాత లెవెల్. కొత్త రోడ్డు నడిమి ఎత్తు మీ ఇంటి బేస్‌మెంట్ కంటే ఎంత కింద ఉంటుందో క్రాస్ సెక్షన్ డ్రాయింగ్‌లో (రోడ్డును అడ్డంగా కోసినట్టు ఎత్తులు చూపే పటం) ఉంటుంది. దాన్ని ఎవరూ అడగరు! పాత తారు గీకకుండా పొరల మీద పొరలు వేస్తే వాన నీళ్లు వాకిట్లోకే వస్తాయి. సైడు కాలువ ఏ నాలాలో కలుస్తుంది, అక్కడ కాలువ అడుగు నాలా అడుగు కంటే పైనుందా కిందుందా అన్నది కూడా అడగాలి. 2023 జులై వరదల్లో హనుమకొండ నయీంనగర్ వైపు నాలా పొంగి ఏం జరిగిందో అందరికీ తెలుసు. వెయ్యి స్తంభాల గుడి, వరంగల్ కోట దగ్గరైతే రక్షిత కట్టడం నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. పురావస్తు అనుమతి కాపీ చూపించమని అడిగితే దాటేయలేరు.

గజం లెక్క:
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. 40 అడుగుల రోడ్డు 60 అవుతుందనుకోండి, పక్కకు 10 అడుగులు. 30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతున్న 200 గజాల ప్లాటులో 300 చదరపు అడుగులు, అంటే 33 గజాలు పోతాయి. 2013 చట్టం కింద పట్టణంలో మార్కెట్ విలువ, దాని మీద 100 శాతం సొలేషియం (ఇష్టం లేకున్నా భూమి తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు పరిహారం), ఇంకా ఏడాదికి 12 శాతం చొప్పున అదనం, కట్టడానికి విడిగా విలువ. మార్కెట్ విలువంటే రిజిస్ట్రేషన్ రేటు ఒక్కటే కాదు. గత మూడేళ్ల సేల్ డీడ్‌లలో ఎక్కువ ధర పలికిన సగం తీసుకుని సగటు కడతారు, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. ఆ డీడ్‌ల నకళ్లు మీరే తీసి ఇవ్వండి, వాళ్లు వెతికి పెట్టరు.

దీనికి బదులు టీడీఆర్ (పోయిన స్థలానికి బదులుగా అదనంగా కట్టుకునే హక్కు, ఇతరులకు అమ్ముకోవచ్చు) తీసుకోమంటారు. 2017 నాటి జీవో 330 ప్రకారం పోయిన స్థలానికి 400 శాతం. కాగితం మీద బ్రహ్మాండం. కానీ దాన్ని కొనేది అదనపు అంతస్తులు వేసే బిల్డరే, మన దగ్గర అలాంటివాళ్లు ఎందరు? ఒప్పుకునే ముందు కొనేవాడు ఉన్నాడో లేదో చూసుకోండి. ఇంకోటి: ఇల్లు సగం కూలితే మిగతాది నిలవదనుకుంటే సెక్షన్ 94 కింద ఇల్లు మొత్తం తీసుకోమని అడగొచ్చు.

బండి మీద బతుకు:
అందరు ప్లాట్ల గురించే మాట్లాడుతున్రు. ఫుట్‌పాత్ మీద అమ్ముకునేటోళ్లను ఏ మీటింగ్‌కూ పిలువరు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్లను జరుపాలంటే 30 రోజుల నోటీసు ఇయ్యాలె, టౌన్ వెండింగ్ కమిటీల 40 శాతానికి తక్కువ గాకుండ అమ్ముకునేటోళ్లే ఉండాలె. గా కమిటీ మినిట్స్ అడుగుండ్రి ఒక్కపారి.

పోచమ్మమైదాన్ వాసి:
ఇవన్నీ రాసిచ్చినం అనుకుందాం. విచారణ చేసేది కలెక్టర్, తుది నిర్ణయం సర్కారుది. రోడ్డు కావాలన్నోళ్లే "వద్దు" అన్నోళ్ల మాట తూకమేస్తరు. గిదేం న్యాయం?

టీపన్-నక్ష:
న్యాయమని నేననలేదు. రేపు హైకోర్టుకు పోతే మాత్రం మొదట చూసేది అభ్యంతరం గడువులో ఇచ్చారా, దానికి కారణాలతో జవాబు ఇచ్చారా అనే. అందుకే ఇంటికొకటి విడివిడిగా ఇవ్వండి. ఒకే జిరాక్స్ మీద వంద సంతకాలు పెడితే ఒకే అభ్యంతరంగా కట్టేస్తారు. సర్వే నంబరు, ఇంటి నంబరు, పోయే విస్తీర్ణం రాయండి, ఇన్‌వార్డ్ నంబరూ తేదీ ముద్ర వేయించుకోండి, "స్వయంగా వినిపించుకునే అవకాశం ఇవ్వాలి" అని ఒక వాక్యం తప్పక చేర్చండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి నోట్ ఫైల్ (అధికారులు ఫైలులో రాసుకున్న అభిప్రాయాలు) అడగండి. ప్రజావాణిలో (అధికారులు ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) ఇచ్చినది ఈ అభ్యంతరానికి బదులు కాదు. హాజరు పట్టీ వస్తే పైన ఏం రాసుందో చదివి, "హాజరు మాత్రమే, సమ్మతి కాదు" అని రాసి సంతకం చేయండి.

పోచమ్మమైదాన్ వాసి:
గది రాస్తే పట్టీ గుంజుకుంటరు అన్నా. అయినా సరే, సెంటర్ లైన్ ముచ్చట మా బజార్ల ఎవ్వలకు తెల్వదు. టీపన్ నకలుకు సర్వే ఆఫీసుల ఏ పేరు మీద దరఖాస్తు పెట్టాలె, ప్లాటోళ్లకు ఇస్తరా, పాత సర్వే నంబరు పట్టాదారుకే ఇస్తరా?