చిన్నప్పుడు హెపటైటిస్-బి డోసులన్నీ పడ్డాయి, 17 ఏళ్లకు టైటర్ 4 వచ్చింది. కోర్సంతా మళ్లీ వేయించాలా?

గోదారిగట్టు:

మా అమ్మాయి ఈ ఏడు బీఎస్సీ నర్సింగ్‌లో చేరుతోందండీ. కాలేజీవాళ్లు అడిగారని యాంటీ-హెచ్‌బీఎస్ టైటర్ (టీకాతో వచ్చిన యాంటీబాడీ రక్తంలో ఎంతుందో చూసే పరీక్ష) చేయిస్తే 4.1 వచ్చింది. 10 దాటితేనే రక్షణ అని రిపోర్టులోనే ఉంది. టీకా కార్డు ఉంది. పుట్టిన రోజు ఒకటి, తర్వాత 6, 10, 14 వారాలకు, అన్నీ పడ్డాయి. ల్యాబ్‌లో మాత్రం టీకా పనిచేయలేదు, మూడు డోసులూ మళ్లీ మొదలుపెట్టమంటున్నారు. 12 ఏళ్ల బాబుకి కూడా టైటర్ చూపించాలా? మా చెల్లెలి కొడుక్కి 14 ఏళ్లు, వాడి కార్డు పోయింది. పైగా ఈ టీకాతో నరాల జబ్బు వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. తెలిసినవాళ్లు చెప్పగలరు.

ల్యాబ్‌బల్ల:

టీకా పనిచేయలేదనడం తప్పండీ. టీకా పట్టిందో లేదో టైటర్‌తో తేల్చగలిగేది చివరి డోసు పడిన ఒకటి రెండు నెలల్లోనే. అప్పుడు 10 ఎంఐయూ/మి.లీ. దాటితే పట్టినట్టు. పసితనంలో వేయించుకున్నవాళ్లలో చాలామందికి 15 ఏళ్లు దాటేసరికి అది 10 కిందికి దిగిపోతుంది. రక్తంలో యాంటీబాడీ తగ్గినా, దాన్ని మళ్లీ తయారుచేసే జ్ఞాపక కణాలు మిగిలే ఉంటాయి. ఈ వైరస్ ఒంట్లో చేరి జబ్బుగా బయటపడడానికి సగటున 90 రోజులు పడుతుంది. ఆ కణాలు యాంటీబాడీని పెంచడానికి కొద్ది రోజులు చాలు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు బూస్టర్ అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అందుకే.

నర్సింగ్ అంటే మాత్రం రోజూ సూదులతో, రక్తంతో పని, కాబట్టి 4.1 దగ్గర వదిలేయకూడదు. ముందు హెచ్‌బీఎస్ఏజీ (వైరస్ పైపొర ప్రొటీన్ రక్తంలో ఉందేమో, అంటే వైరస్ ఒంట్లో ఉందేమో చూసే పరీక్ష) చేయించండి. ఇది డోసుకు ముందే జరగాలి. డోసు పడిన రెండు మూడు వారాల దాకా టీకాలోని ప్రొటీనే రక్తంలో దొరికి పాజిటివ్ చూపించవచ్చు, ఇంటిల్లిపాదికీ అనవసరపు కంగారు. నెగెటివ్ వస్తే ఒక్క డోసు వేయించి, నెల దాటాక, రెండు నెలల్లోపు టైటర్ మళ్లీ చూడండి. ఎక్కువమందిలో వందల్లోకి వెళ్తుంది. 10 దాటిందా, అక్కడితో అయిపోయింది. ఆ రిపోర్టు జాగ్రత్తగా దాచండి, ఉద్యోగంలో చేరినా అదే చాలు, ఏటా పరీక్ష అక్కర్లేదు.

అప్పటికీ 10 దాటకపోతే మిగిలిన రెండు డోసులు వేయించాలి. ఇప్పుడు వేసిన డోసు నుంచి లెక్కేస్తే నెలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. ఆఖరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు మళ్లీ టైటర్. అప్పుడూ రాకపోతే టీకాకు స్పందించని కొద్దిమందిలో ఒకరని అర్థం. హెచ్‌బీఎస్ఏజీతో పాటు యాంటీ-హెచ్‌బీసీ (వైరస్ ఎప్పుడైనా సోకిందేమో చెప్పే పరీక్ష) కూడా చూడాలి. ఇలాంటివాళ్లకు పాజిటివ్ రోగి సూది గుచ్చుకుంటే టీకా మీద ఆధారపడరు, ఇమ్యూనోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల సూది) నెల తేడాతో రెండుసార్లు ఇస్తారు.

టీకాబండి:

పై జవాబు సరిగ్గా ఉంది. మీ బాబు సంగతి: టైటర్ చూపించొద్దు. చూపిస్తే బహుశా తక్కువే వస్తుంది, దాంతో లేనిపోని డోసులు. అమ్మకు హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ అయినా, బిడ్డ డయాలసిస్ మీద ఉన్నా, హెచ్‌ఐవీ లాంటి వాటితో రోగనిరోధక శక్తి తగ్గినా లెక్క వేరు. మిగతావాళ్లకు కార్డే రుజువు.

14 ఏళ్ల అబ్బాయికి కార్డు లేదంటే వేయించుకోనట్టే లెక్క. పీహెచ్‌సీ రిజిస్టర్లో పాత ఎంట్రీ దొరుకుతుందేమో ఏఎన్‌ఎం గారిని అడగండి, కానీ దానికోసం నెలలు ఆగొద్దు. మనదేశంలో ఈ టీకా 2002-03లో కొన్నిచోట్ల మొదలై దేశమంతా అందింది 2011లో, కాబట్టి ఆ వయసు పిల్లల్లో వేసినవాళ్లూ ఉన్నారు, తప్పినవాళ్లూ ఉన్నారు. ముందే పడి ఉన్నా అదనపు డోసుతో నష్టం లేదు.

షెడ్యూలు 0, 1, 6 నెలలు. మోతాదు దగ్గరే ఎక్కువగా పొరపాటు జరుగుతుంది. పిల్లల డోసు 0.5 మి.లీ. (10 మైక్రోగ్రాములు), పెద్దల డోసు 1 మి.లీ. (20 మైక్రోగ్రాములు). పిల్లల డోసు కొన్ని బ్రాండ్లలో 10 ఏళ్ల వరకే, కొన్నిట్లో 19 ఏళ్ల వరకూ. డబ్బాలోని కాగితం చూసి వేయాల్సిందే. మీ అమ్మాయి డోసుకూ ఇదే వర్తిస్తుంది. మధ్యలో ఆలస్యమైతే మొదటికి పోవద్దు, ఆగినచోటి నుంచి కొనసాగించండి. తొందరపడితే మాత్రం చెల్లదు: మొదటికీ రెండోదానికీ 4 వారాలు, రెండోదానికీ మూడోదానికీ 8 వారాలు, మొదటికీ మూడోదానికీ 16 వారాలు తగ్గకూడదు.

సూది భుజం కండకే. పిరుదుకు వేస్తే కొవ్వులోకి పోయి టైటర్ సరిగా రాదు. మెడికల్ షాపులో కొని తీసుకెళ్తుంటే వయల్‌ని ఐసు మీద నేరుగా పెట్టకండి. ఉండాల్సింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య. ఒకసారి గడ్డకడితే అందులోని అల్యూమినియం లవణం ముద్దలుగా విడిపోయి టీకా శక్తి పోతుంది, కరిగాక పైకి మామూలుగానే కనబడవచ్చు. ఫ్రిజ్‌లో ఫ్రీజర్‌కు ఆనించి పెట్టిన వయల్ అయితే వద్దనండి.

కొండపల్లిబొమ్మ:

నరాల జబ్బు మాట ఎక్కడిదో చెబుతాను. ఫ్రాన్స్‌లో బడి పిల్లలకు ఈ టీకా పెద్ద ఎత్తున వేస్తున్నప్పుడు కొందరిలో మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బు కనిపించిందని గొడవ లేచి, 1998 అక్టోబరులో ప్రభుత్వం బడుల్లో వేయడం ఆపేసింది. 2001లో వచ్చిన రెండు అధ్యయనాల్లో టీకాకూ ఆ జబ్బుకూ సంబంధం కనబడలేదు. ఆ జబ్బు యువ వయసులో బయటపడేది కాబట్టి, లక్షలమందికి టీకా వేసినప్పుడు కొందరిలో ఆ తర్వాత కనబడడం సహజం.

నిజంగా వచ్చేవి: సూది పడినచోట నొప్పి, ఒకటి రెండు రోజుల కొద్దిపాటి జ్వరం, నీరసం. తీవ్రమైన అలర్జీ పది లక్షల డోసులకు ఒకటి లెక్కన చాలా అరుదు, అయినా అరగంట అక్కడే కూర్చోబెట్టండి. ఈ వయసు పిల్లల్లో ఎక్కువగా జరిగేది సూది భయంతో కళ్లు తిరిగి పడిపోవడం. కూర్చోబెట్టి వేయించాలి, ఖాళీ కడుపుతో తీసుకెళ్లొద్దు. ఈస్ట్‌కు గానీ ముందు డోసుకు గానీ తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్లు మాత్రం వేయించుకోకూడదు. ఇందులో వైరస్ ఉండదు, ఈస్ట్‌లో తయారుచేసిన దాని పైపొర ప్రొటీన్ మాత్రమే. మనదేశంలో అలా తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ నుంచే వచ్చింది.

టీకా వల్ల ఏం ఒరిగిందో కూడా వాట్సాప్ గ్రూపులో పెట్టండి. తైవాన్ 1984లో పసిపిల్లలకు మొదలుపెట్టింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో కాలేయ క్యాన్సర్ అంతకుముందు ఏటా లక్షకు 0.70 ఉండేది, 1990-94 నాటికి 0.36కు దిగింది.

గోదారిగట్టు:

చాలా కృతజ్ఞతలండీ. అమ్మకు పాజిటివ్ అయితే లెక్క వేరన్నారు. మా బంధువుల్లో ఒకావిడకు ఇప్పుడు ఏడో నెల, పాజిటివ్ అని తేలింది. బిడ్డకు ఏం చేయాలి?

టీకాబండి:

ఇప్పుడే కాలేయ నిపుణుడికి చూపించి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష) చేయించమనండి. 2 లక్షల ఐయూ/మి.లీ. దాటితే గర్భంతో ఉండగానే వైరస్‌ను అణిచే టెనోఫోవిర్ మాత్రలు మొదలుపెడతారు, ఆలస్యం చేయకూడదు. కాన్పు ఎక్కడైతే అక్కడ ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఉందో లేదో ముందే కనుక్కోవాలి. చాలాచోట్ల అప్పటికప్పుడు దొరకదు. పుట్టిన 12 గంటల్లోపు ఒక తొడకు టీకా, రెండో తొడకు ఇమ్యూనోగ్లోబ్యులిన్ 0.5 మి.లీ. పడాలి. అది దొరకలేదని టీకా ఆపొద్దు. పుట్టుకతో సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి జీవితాంతం ఉండిపోతుంది, పెద్దవాళ్లలో అది నూటికి ఐదుగురి లోపే. బరువు 2 కిలోల లోపున్నా ఆ డోసు వేయాల్సిందే. అలాంటి బిడ్డకు ఆ డోసు లెక్కలోకి రాకపోయినా 6, 10, 14 వారాల పెంటావాలెంట్‌తో (హెపటైటిస్-బి కూడా కలిసిన ఐదింటి టీకా) మూడు డోసులూ పూర్తవుతాయి. 9 నుంచి 12 నెలల మధ్య బిడ్డకు హెచ్‌బీఎస్ఏజీ, టైటర్ రెండూ చేయించాలి. అంతకంటే ముందైతే ఇచ్చిన ఇమ్యూనోగ్లోబ్యులినే టైటర్‌లో కనబడుతుంది. తల్లిపాలు నిరభ్యంతరంగా ఇవ్వొచ్చు.