డాన్‌విల్‌లో పాతకాలం నుంచి ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలో డియాబ్లో కొండ కింద, శాన్ రామోన్ లోయలో ఉన్న డాన్‌విల్‌కి ఈమధ్యే మారాం. వచ్చే నెల మా నాన్నగారు వస్తున్నారు. ఆయన రిటైర్డ్ సోషల్ మాస్టారు. ఏ ఊరు వెళ్లినా ముందు దాని చరిత్ర అడుగుతారు.

నేను చదివింది కొంచెమే. ఈ లోయ మొదట బే మివోక్ తెగవాళ్లది. 1891లో రైలు వచ్చింది, ఇక్కడి పంటలు దాని మీదే బయటికి వెళ్లేవి. ఆ పట్టాల దారే ఇప్పుడు ఐరన్ హార్స్ ట్రెయిల్, రోజూ నేను నడిచేది దాని మీదే. పాత స్టేషన్‌ని మ్యూజియం చేశారు. నాటక రచయిత యూజీన్ ఓనీల్ 1937 నుంచి 1944 దాకా ఉన్న టావో హౌస్ కూడా ఇక్కడే, ఇంకో కొండమీద ఉంది. 1960లలో 680 ఫ్రీవే పడ్డాక వాల్‌నట్ తోటలు పోయి ఇళ్లు లేచాయి. 1982లో సొంత పాలన వచ్చినా పేరులో సిటీ అని కాక టౌన్ అనే పెట్టుకున్నారు. అది నాకు భలే నచ్చింది.

ఇప్పుడు ఇళ్ల ధరలు చూస్తే గుండె దడ. కానీ నాన్నగారికి చూపించాల్సింది ఖరీదైన ఇళ్లు కాదు కదా. పాత వాల్‌నట్ చెట్లు ఇంకా ఎక్కడైనా మిగిలాయా? ఎనభైలలో ఇక్కడికి వచ్చిన మనవాళ్లు ఉంటే, అప్పుడు ఊరు ఎలా ఉండేదో, ఇరుగుపొరుగు ఎలా కలుపుకున్నారో దయచేసి రాయండి. ఆయనకు పెద్దక్షరాల్లో ప్రింట్ తీసి ఇస్తాను.