44 ఏళ్ల వయసులో, ఉద్యోగం చేసుకుంటూ పైలట్ లైసెన్సు సాధ్యమేనా?

ఏర్పేడు_లెక్కల_సారు:
అందరికీ నమస్కారం. ఏర్పేడు పక్కన ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. వయసు 44, కళ్లజోడు ఉంది. రేణిగుంటలో దిగే విమానం కనబడితే ఎనిమిదో తరగతి పిల్లలకంటే ముందు నేనే కిటికీ వైపు తిరుగుతా. బంగారుపాళెం దగ్గర మా వాటా మామిడితోట అమ్మితే కొంత డబ్బు వచ్చింది. ఇంటికీ, పాప చదువుకీ పోను మిగిలింది నా పిచ్చికి పెట్టుకోమని ఇంటావిడ ఒప్పుకుంది (మాట మార్చేలోపు అడిగేద్దామని ఇక్కడికొచ్చా). ఉద్యోగం కోసం కాదు, ప్రైవేట్ పైలట్ లైసెన్సు చాలు. ఎండాకాలం సెలవుల్లో అయిపోతుందా? నేను తెలుగు మీడియం. రేడియోలో ఇంగ్లీషు మాట్లాడాలంటే గుబులుగా ఉంది.

కొర్లగుంట_కుర్రోడు:
సారూ, ఆ డబ్బుతో ఇన్నోవా కొనుక్కోండి. ఘాట్ రోడ్డెక్కితే అదీ ఆకాశమే.

చిత్తూరు_స్పేర్‌పార్ట్స్:
సారూ, నేను మీకంటే పెద్దోణ్ణే, నాకు లైసెన్సు ఉండాది. చిత్తూరులో ట్రాక్టర్ సామాన్ల అంగడి నాది. బెంగళూరు వైపు పోయి నేర్చుకున్నా.

మెడికల్ అయ్యేదాకా ఎవరికీ ఒక్క రూపాయి కట్టొద్దు. ప్రైవేట్ లైసెన్సుకు క్లాస్ 2 అనే రకం మెడికల్ చాలు, డీజీసీఏ (మన దేశంలో విమానాల రూల్స్ చూసే ప్రభుత్వ సంస్థ) గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గరే చేయించుకోవాల. కళ్లజోడుకు ఇబ్బంది లేదు, దాంతో చూపు సరిపోతే చాలు. రంగులు గుర్తుపట్టే పరీక్ష మాత్రం ఉంటాది. నాతో చేరాల్సిన ఒకాయన ఫీజు కట్టేసినాక అక్కడే ఆగిపోయినాడు. గరిష్ట వయసంటూ ఏం లేదు. 17 నిండి, పదో తరగతి పాసై ఉంటే చాలు.

మొత్తం 40 గంటలు ఎగరాల. అందులో కొన్ని గంటలు ఒంటరిగా. ఆ ఒంటరి గంటల్లోనే 150 నాటికల్ మైళ్ల ప్రయాణం ఒకటి, దారిలో రెండు వేరే ఎయిర్‌ఫీల్డుల్లో దిగి రావాల. 40 అనేది కాయితం మీద లెక్క, చానామందికి అంతకు మించే పడతాది. నేను విచారించినప్పుడు గంటకు పదిహేను వేలకు తక్కువ ఎవరూ చెప్పలేదు. గుణకారం మీకు నేను చెప్పాల్నా!

సెలవుల్లో మొత్తం అయ్యే పని కాదు. విమానం మెయింటెనెన్సుకు పోతాది, మబ్బులొస్తాయి, పరీక్షల తేదీలు మీ సెలవులు చూసుకోని రావు. సోలో, అంటే ఒంటరిగా ఎగిరేదాకా వస్తే అదే గొప్ప. కానీ వారానికోసారి పోయేవాళ్లకంటే మీలాగా నెలన్నర విడవకుండా కూర్చునేవాళ్లకే ఖర్చు కలిసొస్తాది. నేల దగ్గర పడ్డాక విమానం ముక్కు ఎంత ఎత్తాల, ఎప్పుడు ఎత్తాల అనేది పుస్తకంలో చదివితే వచ్చేది కాదు, చేతికి రావాల. కొన్నాళ్లు ఆపితే పోతాది. మళ్లీ మన దుడ్లతోనే తెచ్చుకోవాల.

ఇంగ్లీషంటారా, నాదీ తెలుగు మీడియమే. రేడియోలో కబుర్లు ఉండవు. ఎవర్ని పిలుస్తా ఉండాం, మనమెవరం, ఎక్కడుండాం, ఏం కావాల, అంతే. మన దేశంలో విమానాల నంబర్లన్నీ వీటీతో మొదలవుతాయి, రేడియోలో వీని విక్టర్ అని, టీని టాంగో అని పలుకుతారు కాబట్టి విక్టర్ టాంగో అని నిద్రలో కూడా అంటారు. కంట్రోల్ టవర్ వాళ్లు చెప్పింది తిరిగి అప్పజెప్పాల, అది మన బడుల్లో నేర్పిందే కదా. అంగట్లో బేరింగులు లెక్కబెడతా పైకే వల్లె వేసేవాణ్ణి, మా పనోడు ఊళ్లో ఏమేం చెప్పినాడో దేవుడికే తెలియాల. రేడియోకు వేరే లైసెన్సు ఉంటాది, ఇంగ్లీషు పరీక్షలో నాలుగో లెవెల్ రావాల. మీకు వస్తాది.

అసలు లెక్క లైసెన్సు చేతికొచ్చినాక మొదలు. విమానం గంటల చొప్పున బాడుగకు ఇచ్చేది మీరు నేర్చుకునే ఫ్లయింగ్ క్లబ్బులోనే, మీ ఇంటి పక్కన రేణిగుంటలో కాదు. ఈ మధ్య కాలంలో కొన్ని టేకాఫ్‌లు, ల్యాండింగులు చేసుండకుంటే పక్కన ఎవర్నీ ఎక్కించుకోకూడదు. డబ్బు తీసుకుని తిప్పడం అసలే కుదరదు. కాబట్టి తోట డబ్బంతా ట్రైనింగులో పొయ్యొద్దు. తర్వాత రెండేళ్లు నెలకో గంట ఎగిరేంత పక్కన పెట్టి, మిగిలినదాంట్లో నేర్చుకోగలిగితేనే దిగండి. లైసెన్సుకు ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించి మళ్లీ క్లబ్బు మొహం చూడనోళ్లు నాకు తెలుసు.

పలమనేరు_మాజీ_ఎయిర్‌మన్:
ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ల మీద పనిచేసి రిటైరయ్యాను. లెక్కల సారు కాబట్టి ఇది చెప్తా. బెంగళూరు నేలే సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తు. అక్కడ 35 డిగ్రీల ఎండ కాసిందంటే గాలి పలచబడి, విమానానికి 6,000 అడుగుల మీద ఉన్నట్టే. రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్‌కు బలం తగ్గుతుంది, ప్రొపెల్లర్ కూడా అంతే. నేర్పడానికి వాడే చిన్న విమానం సెస్నా 152కి ఉన్నదే 110 హార్స్ పవర్. ఇద్దరు దిట్టమైనవాళ్లు కూర్చుంటే బరువు లెక్కేసుకునే పెట్రోలు పోయాలి. అందుకే మే నెలలో పొద్దున్నే ఎగిరే స్లాట్ అడగండి. విమానం పాతదని బెదరొద్దు. ఆ మోడల్ తయారీ 1985లోనే ఆగిపోయింది, మెయింటెనెన్స్ రికార్డు సరిగ్గా ఉందా అన్నదే ముఖ్యం. చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

ఏర్పేడు_లెక్కల_సారు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. కుర్రోడా, ఇన్నోవా ఆలోచన ఇంటావిడకు చెప్పకు నాయనా. ఒక్క సందేహం. నేను బీపీకి మాత్ర వేసుకుంటున్నా, మెడికల్‌లో అక్కడికే ఆపేస్తారా?

చిత్తూరు_స్పేర్‌పార్ట్స్:
దాచొద్దు సారూ. ఏ మాత్ర, ఎంత డోసు, ఎప్పట్నించి అనేది డాక్టరు చీటీతో సహా చూపించండి. అదుపులో ఉందా, ఏ మందు అనేది వాళ్లు చూస్తారు. అది తేలినాక చెప్పండి, ఒక ఆదివారం క్లబ్బుకు పోదాం. ఇన్‌స్ట్రక్టర్‌తో అరగంట ఎగిరి, కడుపులో తిప్పుతుందో లేదో చూసుకుని అప్పుడు ఫీజు సంగతి.